ఆరు ఎకరాల్లో ఆయిల్ పామ్ వేయాలా? బోరు నీళ్లు, గెలలు, నూనె, ధర గురించి వివరంగా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: సూర్యాపేట వైపు మీకు ఆరు ఎకరాల ఎర్ర చెల్క భూమి, రెండు బోర్లు ఉన్నాయి. ఇంతకాలం పత్తి, కొంత వరి వేశారు. కూలీలు దొరకడం కష్టమవుతోంది కాబట్టి ఆయిల్ పామ్ వేద్దామని మీ నాన్నగారు అంటున్నారు. ఈ చెట్టు అసలు ఎలాంటిది, దాని పండు దేనికి పనికొస్తుంది, ముప్పై ఏళ్ల పంటకు ఉన్న భూమినంతా అప్పగించడం క్షేమమేనా అని మీరు అడుగుతున్నారు. ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో మాకు ఆయిల్ పామ్ తోట ఉంది. దానితోపాటు చుట్టుపక్కల రైతుల తోటలు చూసి సలహాలు చెప్పే పని కూడా చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి, అక్కడ చూసిన దాన్ని బట్టే సమాధానం రాస్తున్నాను.

ముందుగా అసలు మాట. మే నెలలో మీ బోర్లు రోజుకు ఎన్ని లీటర్ల నీరు ఇస్తాయో కొలవండి. ఒక్కో చెట్టుకు రోజుకు కనీసం 200 లీటర్లు అందించగలిగినంత విస్తీర్ణంలో మాత్రమే ఆయిల్ పామ్ వేయండి. నీరు ఆరు ఎకరాలకూ సరిపోతే ఆరు ఎకరాల్లోనూ నిశ్చింతగా వేయవచ్చు, ఎందుకంటే కూలీల అవసరం తక్కువగా ఉండి, ఏడాది పొడవునా ఆదాయం వచ్చే ఇలాంటి పంట మన దగ్గర మరొకటి అరుదు. నీరు మూడు ఎకరాలకే సరిపోతే మూడు ఎకరాలే వేసి, మిగతాదాంట్లో పత్తో, కందో కొనసాగించండి. సగం నీటితో ఆరు ఎకరాలు పెంచితే మూడు ఎకరాల దిగుబడి కూడా రాదు, ఎరువుల ఖర్చు మాత్రం ఆరు ఎకరాలకూ అవుతుంది.

ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. ఆయిల్ పామ్‌ను 9 మీటర్ల దూరంలో త్రిభుజాకారంగా నాటుతారు. ఆ లెక్కన హెక్టారుకు 143, ఎకరాకు 57 చెట్లు వస్తాయి. ఆరు ఎకరాలకు 342 చెట్లు. కాపుకొచ్చిన చెట్టుకు రోజుకు 200 లీటర్ల చొప్పున 68,400 లీటర్లు కావాలి. ఎండలు మండే రోజుల్లో చెట్టుకు 300 లీటర్ల దాకా అవసరమవుతుంది కాబట్టి ఆ వారాల్లో లక్ష లీటర్లు దాటుతుంది. బోరు గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. నిమిషంలో నిండితే గంటకు 12,000 లీటర్లు పోస్తోందన్నమాట, అంటే మామూలు రోజుల్లో సుమారు ఆరు గంటలు, మండు వేసవిలో ఎనిమిదిన్నర గంటలు మోటారు నడవాలి. ఈ కొలత మోటారు వేసిన మొదటి పది నిమిషాల్లో తీయవద్దు. మూడు నాలుగు గంటలు నడిచాక, నీటిమట్టం దిగిన తర్వాత వచ్చే ధారనే కొలవండి, ఎందుకంటే తోటకు రోజూ అందేది ఆ ధారే. ఒక్క బోరు మీదే లెక్క కట్టుకోవడం కూడా మంచిది కాదు. ముప్పై ఏళ్లలో రెండు బోర్లూ ఒకేలా ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నీటి గురించి ఇంత గట్టిగా చెప్పడానికి ఈ చెట్టు స్వభావంలోనే కారణం ఉంది. ఆయిల్ పామ్‌లో ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి పుడుతుంది. అది ఆడ గుత్తి అయితే గెల అవుతుంది, మగ గుత్తి అయితే పుప్పొడి ఇచ్చి ఎండిపోతుంది. బాగా పెరిగే చెట్టు ఏడాదికి 20 నుంచి 24 మట్టలు వేస్తుంది కాబట్టి పూగుత్తులకు కొదవ ఉండదు, వాటిలో ఎన్ని ఆడవి అన్నదే దిగుబడిని తేలుస్తుంది. ఆడా మగా అన్న నిర్ణయం పువ్వు విచ్చుకోవడానికి దాదాపు రెండేళ్ల ముందే, మొవ్వు లోపల కంటికి కనిపించని దశలో జరిగిపోతుంది. ఆ సమయంలో చెట్టుకు నీరు చాలకపోతే మగ గుత్తుల వైపు మొగ్గుతుంది. పువ్వు విచ్చుకున్నాక గెల పండడానికి మరో ఐదారు నెలలు పడుతుంది. అంటే ఈ మే నెలలో నీరు తప్పితే దాని దెబ్బ రెండున్నర ఏళ్ల తర్వాత కోతలో కనిపిస్తుంది. మధ్యలో, పువ్వు విచ్చుకోవడానికి కొన్ని నెలల ముందు తీవ్రమైన బెట్ట వస్తే, పుట్టిన ఆడ గుత్తులు కూడా లోపలే కుళ్లి రాలిపోతాయి.

చింతలపూడి వైపు ఒక రైతు తోటలో ఇది స్పష్టంగా చూశాను. ఒక వేసవిలో ఆయన బోరు ఎండిపోయింది. వర్షాకాలంలో కొత్త బోరు వేయించారు, మంచి నీరు పడింది, చెట్లు పచ్చబడ్డాయి, ఆ ఏడాది కోత కూడా అంత తగ్గలేదు. గండం గడిచిందని అందరూ అనుకున్నారు. రెండేళ్లు దాటాక తోటలో ఎటు చూసినా మగ గుత్తులే కనిపించాయి. ఎరువు లోపమని కొందరు, తెగులని కొందరు చెప్పగా ఆయన మందులకు బాగా డబ్బు ఖర్చు పెట్టారు. తోటలో లోపమేమీ లేదు, ఎండిన ఆ వేసవి ఫలితమే అప్పుడు బయటపడింది. పత్తిలో ఒక ఏడాది నష్టం ఆ ఏడాదితో పోతుంది. ఈ పంటలో నీటి ఎద్దడి బాకీ ఆలస్యంగా వసూలవుతుంది. అందుకే వర్షాలు బాగా పడిన సంవత్సరం బోరు చూసి విస్తీర్ణం నిర్ణయించుకోవద్దని నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఇక చెట్టు సంగతి. ఇది తాటి, ఈత, కొబ్బరి చెట్ల కుటుంబానికి చెందినదే అయినా మన నేల మీద పుట్టినది కాదు. దీని సొంత గడ్డ పశ్చిమ ఆఫ్రికా. అక్కడి వారు తరతరాలుగా దీని ఎర్రని నూనెతో వండుకుంటున్నారు, చెట్టు నుంచి కల్లు కూడా తీస్తారు. 1848లో జావా దీవిలోని బోగోర్ ఉద్యానవనానికి చేరిన నాలుగు మొక్కల సంతానమే ఆగ్నేయాసియాలో తొలి తోటలకు మూలమైంది. మలేషియాలో 1917లో వాణిజ్య తోట మొదలైంది. అక్కడి రబ్బరు, కొబ్బరి, పామాయిల్ తోటల్లో పనిచేసిన వారిలో మన తెలుగువారూ ఉన్నారు. పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్ ప్రాంతంలో వారి సంతతి ఇప్పటికీ ఉంది. మన దేశానికి ఈ చెట్టు 1886లోనే కలకత్తా వృక్షోద్యానానికి వచ్చినా, రైతు పొలంలో పంటగా నిలదొక్కుకున్నది 1980ల చివరి నుంచి, ముఖ్యంగా ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో. పొగాకు, చెరకు, కొబ్బరి వేసిన మెట్ట భూముల్లో బోరు నీటితో దీన్ని పెంచారు. ఏలూరు దగ్గరి పెదవేగిలో 1995లో ఏర్పడిన జాతీయ పరిశోధన కేంద్రమే ఇప్పటి భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ. వీలుంటే ఒకసారి అక్కడికి వచ్చి తోటలు చూడండి. ఈ రోజు దేశంలో తయారయ్యే ముడి పామాయిల్‌లో 98 శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ రాష్ట్రాలదే, అందులోనూ అత్యధిక భాగం మన రెండు తెలుగు రాష్ట్రాలది.

పండు వాడకం అర్థం కావాలంటే దాన్ని అడ్డంగా కోసి చూడాలి. పైన నారింజ రంగు గుజ్జు, దాని లోపల గట్టి పెంకు, పెంకు లోపల తెల్లని పప్పు ఉంటాయి. ఈ ఒక్క పండులో రెండు వేర్వేరు నూనెలు ఉన్నాయి. గుజ్జు నుంచి వచ్చేది పామాయిల్. కెరోటిన్ అనే రంగు పదార్థం వల్ల అది ముడి దశలో ఎర్రగా ఉంటుంది, శుద్ధి చేసేటప్పుడు ఆ రంగు పోతుంది. దాన్ని చల్లబరిస్తే ద్రవంగా మిగిలే భాగం పామోలిన్, మనకు ప్యాకెట్లలోనూ, ఒకప్పుడు రేషన్ డిపోల్లోనూ దొరికిన వంటనూనె అదే. గడ్డకట్టే భాగం స్టియరిన్, అది బిస్కెట్లకు, బేకరీ కొవ్వులకు, సబ్బులకు పోతుంది. పప్పు నుంచి వచ్చే నూనె గుణంలో కొబ్బరి నూనెకు దగ్గరగా ఉంటుంది. లారిక్ ఆమ్లం ఎక్కువగా ఉండడం వల్ల బాగా నురగ ఇస్తుంది కాబట్టి సబ్బులు, షాంపూలు, డిటర్జెంట్ల తయారీదారులు దాన్ని కోరుకుంటారు. నూనె తీసిన పప్పు పిండి పశువుల దాణాలో కలుపుతారు. పీచు, పెంకు ఫ్యాక్టరీ బాయిలర్‌లోనే ఇంధనంగా కాలుతాయి. పండ్లు రాల్చిన ఖాళీ గెలలు, మీకు దగ్గరలో ఫ్యాక్టరీ ఉంటే, తప్పక తెచ్చుకోవలసిన వస్తువు. చెట్టు పాదులో పరిస్తే తేమ నిలుస్తుంది, కుళ్లాక పొటాష్ అందుతుంది. మేము వేసవికి ముందు వాటినే పరుస్తాం.

ఇంట్లో పామోలిన్ వాడకం గురించి కూడా చాలామంది భయంగా అడుగుతుంటారు. దానిలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం సంతృప్త రకానివి. వేరుశనగ, నువ్వుల నూనెల్లో ఈ భాగం చాలా తక్కువ. కాబట్టి ఏడాదంతా ప్రతి వంటకూ అదొక్కటే వాడడం సరికాదు, నూనెలు మార్చుకుంటూ, మొత్తం మీద తక్కువగా వాడుకోవడం మంచిది. అయితే పామాయిల్‌కు కృత్రిమంగా గట్టిపరచకుండానే గడ్డగా ఉండే గుణం ఉంది కాబట్టి, హానికరమైన ట్రాన్స్ కొవ్వులున్న పాత వనస్పతి స్థానంలో ఆహార పరిశ్రమ దీన్ని ఎంచుకుంది. పామాయిల్ అంటేనే విషమన్న ప్రచారానికి ఆధారం లేదు. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుడు చెప్పినట్టే నడుచుకోవాలి.

మళ్లీ మీ పొలానికి వస్తాను. నీటి తర్వాత ఎక్కువ జాగ్రత్త పడవలసింది మొక్క దగ్గర. తోటకు కావలసింది టెనెరా రకం హైబ్రిడ్. మందపాటి పెంకు ఉండే డ్యూరా తల్లి చెట్టుకు, పెంకే ఉండని పిసిఫెరా తండ్రి చెట్టు పుప్పొడి కలిపితే పలచని పెంకు, ఎక్కువ గుజ్జు ఉన్న టెనెరా వస్తుంది. ఈ సంకరం రహస్యం 1941లో బెల్జియన్ కాంగోలో బయటపడింది, ప్రపంచంలో ఇవాళ ఉన్న వాణిజ్య తోటలు దాదాపు అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. సమస్య ఏమిటంటే నర్సరీలో చూసినప్పుడు ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది కాపు వచ్చాకే. పండు కోస్తే మందపాటి పెంకు కనబడితే అది డ్యూరా, దానిలో నూనె తక్కువ. చెట్టు మాత్రం ఏపుగా పెరిగి, గెలలు పండకుండానే కుళ్లిపోతుంటే అది సాధారణంగా పిసిఫెరా. నాలుగేళ్లు పెంచాక ఈ సంగతి తెలిసిన రైతు బాధ నేను దగ్గరగా చూశాను. అందుచేత తోట చూపించి మొక్కలమ్మే దళారుల దగ్గర, రాలిన గింజలు మొలకెత్తించి అమ్మేవారి దగ్గర ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు. మీ జిల్లాకు ప్రభుత్వం కేటాయించిన కంపెనీ లేదా ఆయిల్‌ఫెడ్ (రాష్ట్ర నూనె గింజల రైతుల సహకార సమాఖ్య) నర్సరీ నుంచే తీసుకోండి. మొలకలు ఏ దేశం నుంచి, ఏ సంస్థ నుంచి, ఏ లాటులో వచ్చాయో రాసి ఉన్న కాగితం, మొక్కల రసీదు రెండూ భద్రపరచుకోండి. రేపు తేడా వస్తే మాట్లాడడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

మొక్క వయసు 12 నుంచి 14 నెలలు, ఎత్తు మీటరు దాటి, పదికి పైగా ఆకులు ఉండాలి. వయసు వచ్చినా పొట్టిగా, ఆకులు ముడుచుకుని, సన్నగా నిటారుగా పెరిగిన వాటిని మొహమాటపడకుండా వెనక్కి పంపండి. వర్షాకాలం మొదలుకొని డిసెంబరు వరకు నాటవచ్చు. నేనైతే జూలై, ఆగస్టు నెలలనే ఎంచుకుంటాను, మొదటి వేసవి వచ్చేసరికి వేరు పట్టు దొరుకుతుంది.

మొదటి మూడేళ్లలో రైతుకు అన్నిటికంటే కష్టంగా అనిపించే పని పూగుత్తులు తీసేయడం. నాటిన ఏడాదిన్నర నుంచే పూత కనిపిస్తుంది. దాన్ని రెండున్నర, మూడేళ్ల వరకు నెలనెలా తీసేస్తూ ఉంటే చెట్టు బలమంతా కాండానికి, వేర్లకు చేరుతుంది. కళ్లెదుట గెలలు కడుతుంటే తీసేయడానికి చాలామందికి మనసొప్పదు. ఉంచిన గెలలు చిన్నవిగా ఉంటాయి, నూనె శాతం తక్కువ, ఫ్యాక్టరీలో ధరా రాదు. చెట్టు మొదలు మాత్రం సన్నబడిపోతుంది. మూడేళ్ల పాటు పూత తీసిన తోటనూ, తీయని తోటనూ ఆరో ఏట పక్కపక్కన చూస్తే ఎవరూ చెప్పకుండానే తేడా తెలుస్తుంది.

ఎరువుల విషయంలో పెదవేగి సంస్థ సిఫారసు ఇలా ఉంది: మొదటి ఏడాది చెట్టుకు 400 గ్రాముల నత్రజని, 200 గ్రాముల భాస్వరం, 400 గ్రాముల పొటాష్, రెండో ఏడాది దానికి రెట్టింపు, మూడో ఏడాది నుంచి 1200, 600, 1200 గ్రాములు. ఇవి పోషకాల లెక్కలు, బస్తాల లెక్కలు కావు. దీన్ని నాలుగు దఫాలుగా వేయాలి. దీనితోపాటు పెద్ద చెట్టుకు ఏటా 500 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 100 గ్రాముల బోరాక్స్ అవసరం. మన రైతులు యూరియాకు వెనకాడరు గాని పొటాష్ దగ్గర చెయ్యి బిగిస్తారు. గెల బరువులో, నూనె శాతంలో పొటాష్ పాత్ర చాలా ఎక్కువ. ముదురు ఆకుల మీద నారింజ రంగు మచ్చలు కనిపిస్తే పొటాష్ కొరత అనుకోవచ్చు. పాత మట్టలు ఎండ తగిలే వైపు పసుపు, నారింజ రంగుకు తిరిగి నీడలో ఉన్న భాగం పచ్చగా ఉంటే అది మెగ్నీషియం లోపం. కొత్త ఆకుల కొసలు కొక్కెంలా వంగితే బోరాన్ లోపం. ఎర్ర చెల్కల్లో బోరాన్ లోపం తరచుగా కనిపిస్తుంది కాబట్టి మీరు దాన్ని మరవకండి. కోసిన మట్టలను పొలం బయట కుప్ప పోసి కాల్చే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఆ పని చేయవద్దు. ముక్కలుగా కోసి వరుసల మధ్య పరచండి, రెండేళ్లలో నేల మెత్తబడడం మీకే కనిపిస్తుంది.

పురుగుల్లో కొమ్ము పురుగు మొవ్వును తొలుస్తుంది. పెంటకుప్పల్లో, కుళ్లిన మొద్దుల్లో అది పెరుగుతుంది కాబట్టి వాటిని తోట దగ్గర ఉంచకూడదు, వాసనతో పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టుకోవాలి. తెల్లదోమ వచ్చినప్పుడు రసాయన మందులతో పరుగెత్తవద్దు, దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చి సమస్య పెరుగుతుంది. ఇంకో ముఖ్య విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆయిల్ పామ్‌లో పరపరాగ సంపర్కం చేసేది ఒక చిన్న ముక్కు పురుగు. కామెరూన్ నుంచి 1981లో దాన్ని మలేషియాకు తెచ్చి వదిలేదాకా అక్కడి తోటల్లో కూలీలు చేత్తో పుప్పొడి అద్దేవారు. మన దేశానికి అది 1985లో కేరళ ద్వారా వచ్చింది. మగ గుత్తుల మీద నల్లగా పాకుతూ కనిపించే ఆ పురుగును తెగులనుకుని మందు కొట్టించిన వారున్నారు. అలా చేస్తే గెలలో సగం కాయలు కట్టకుండా పోతాయి.

కోత గురించి. నాలుగో ఏట నుంచి పది, పదిహేను రోజులకోసారి, ఏడాది పొడవునా కోత ఉంటుంది, వర్షాకాలంలో గెలలు ఎక్కువగా వస్తాయి. గెల నుంచి అయిదు నుంచి పది పండ్లు దానంతటవే రాలితే అది కోతకు వచ్చినట్టు. పచ్చి గెల కోస్తే నూనె తక్కువ. మరీ ముగ్గిపోయాక కోస్తే పండ్లు రాలి పాదులో పోతాయి, నూనెలో ఆమ్లత్వం పెరుగుతుంది. కోసిన గెల 24 గంటల్లోపు ఫ్యాక్టరీలో ఆవిరికి ఎక్కాలి. పండు నలిగిన క్షణం నుంచే దానిలోని ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది, ఆవిరి తగిలినప్పుడే ఆగుతుంది. ఈ కారణం వల్లే దీన్ని ఇంట్లో నిల్వ చేసి, ధర పెరిగాక అమ్మడం కుదరదు. వరి, పత్తి, మిర్చి రైతుకు ఉన్న ఆ వెసులుబాటు మీకు ఉండదు. అందుకే మీ పొలానికీ, ఫ్యాక్టరీకీ లేదా సేకరణ కేంద్రానికీ మధ్య దూరం ఎంతో నాటే ముందే తెలుసుకోండి. త్వరలో కడతారన్న మాట మీద ఆధారపడవద్దు. ఇప్పుడు గెలలు తీసుకుంటున్న కేంద్రం ఏది, రవాణా ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి కాగితం మీద చూసుకోండి. రాలిన పండ్లను ఏరి గెలలతోపాటు పంపండి. గెలలో నూనె అత్యధికంగా ఉండేది వాటిలోనే. కూలీ దండగని వదిలేసేవారు నష్టపోతారు.

చెట్లు పొట్టిగా ఉన్నంతకాలం ఉలితో కోత సులభం. పన్నెండు, పదమూడేళ్లు దాటి ఎత్తు పెరిగాక పొడవాటి అల్యూమినియం గడకు కట్టిన కొడవలితో కోయాలి. అందులో నేర్పు ఉన్న మనుషులు తక్కువ, వారి కూలి ఎక్కువ. కరెంటు తీగల కింద చెట్లు నాటవద్దని నేను పట్టుబట్టేది ఈ గడల వల్లే. లోహపు గడ తీగకు తగిలి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. మీ పొలం మీదుగా లైను వెళ్తుంటే దాని కింద రెండు వైపులా ఖాళీ వదలండి, నాలుగు చెట్లు తగ్గినా పరవాలేదు.

ఆదాయం సంగతి. నాలుగు నుంచి ఏడెనిమిదేళ్ల మధ్య ఎకరాకు సగటున సుమారు 5 టన్నులు, ఆ తర్వాత మంచి యాజమాన్యంలో 8 నుంచి 10 టన్నులు ఆశించవచ్చు. పన్నెండు టన్నులు తీసే రైతులు మా దగ్గర ఉన్నారు. కంపెనీ సభల్లో అందరికీ చూపించేది వారి తోటలే, మీ లెక్కకు మాత్రం ఎనిమిది తీసుకోండి. టన్ను ధర అంతర్జాతీయ మార్కెట్‌తో ఊగుతుంది. 2022 వసంతంలో ఇండోనేషియా ఎగుమతులు ఆపినప్పుడు మన దగ్గర టన్ను 23 వేలు దాటింది, మరుసటి ఏడాదికల్లా 12, 13 వేలకు పడింది. 2024 సెప్టెంబరులో కేంద్రం పామాయిల్‌పై దిగుమతి సుంకం పెంచాక మళ్లీ పైకి లేచి 20 వేలు దాటింది, 2025 మే చివర్లో ముడి పామాయిల్‌పై సుంకం తగ్గించారు. ఎనిమిది టన్నులకు 13 వేల చొప్పున 1,04,000 రూపాయలు, 20 వేల చొప్పున 1,60,000 వస్తాయి. ఎరువులు, కోత, రవాణా, పాదుల శుభ్రతకు ఇందులో మూడో వంతు దాకా పోతుందని నా తోట లెక్కల్ని బట్టి చెబుతున్నాను. తక్కువ ధరకు మీ ఇల్లు గడుస్తుందో లేదో చూసుకుని వేయండి, ఎక్కువ ధర చూసి అప్పు చేయవద్దు.

కేంద్రం 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో ప్రారంభించిన జాతీయ ఆయిల్ పామ్ మిషన్ కింద గెలలకు ఒక గిట్టుబాటు ధరను లెక్కగట్టే పద్ధతి వచ్చింది: గత ఐదేళ్ల ముడి పామాయిల్ సగటు ధరను టోకు ధరల సూచీతో సరిచేసి, దానిలో 14.3 శాతం. ఫ్యాక్టరీ చెల్లించేది దానికంటే తగ్గితే తేడాను ప్రభుత్వం ఇవ్వాలన్నది ఉద్దేశం. మొక్కలకు హెక్టారుకు 29,000 రూపాయల సాయం, తొలి నాలుగేళ్లు నిర్వహణకు, అంతర పంటలకు కలిపి ఎకరాకు ఏటా 4,200 రూపాయలు ఈ పథకం కింద ప్రకటించినవే. డ్రిప్పుకు రాయితీ వేరుగా ఉంటుంది. ప్రస్తుతం ఏది ఎంత అమలవుతోందో మీ మండల ఉద్యాన అధికారిని అడిగి రాసుకోండి. 1993 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రాంతాలను ఫ్యాక్టరీలకు కేటాయిస్తారు. ఆ ప్రాంతంలో పండిన గెలలను ఆ ఫ్యాక్టరీ కొనక తప్పదు, రైతూ అక్కడికే పంపాలి. కొనేవాడు లేడన్న భయం దీనివల్ల తీరుతుంది, బేరమాడే స్వేచ్ఛ మాత్రం పోతుంది. ధర నూనె శాతంతో ముడిపడి ఉంది కాబట్టి, ఆ శాతాన్ని ఎలా నిర్ణయిస్తున్నారన్న దాని మీద రైతు సంఘాలు ఏళ్ల తరబడి పోరాడుతున్నాయి. మీ ప్రాంతంలో సంఘం ఉంటే అందులో చేరండి, ఒంటరి రైతు ఈ లెక్కను ప్రశ్నించలేడు.

ఇండోనేషియా, మలేషియాల్లో అడవులు నరికి ఈ తోటలు వేశారన్న విమర్శ నిజమే, బోర్నియోలో జరిగిన నష్టం చిన్నది కాదు. మన తెలుగు రాష్ట్రాల్లో అడవి కొట్టి వేయడం లేదు, సాగు భూమిలోనే వేస్తున్నాం. మన సమస్య భూగర్భ జలం. మా మెట్టలో ఒకప్పుడు తక్కువ లోతులో దొరికిన నీరు ఇప్పుడు చాలా లోతుకు పోయింది. దానికి ఆయిల్ పామ్ ఒక్కటే కారణం కాకపోయినా, దానికి వాటా లేదని నేను అనను. వరితో పోలిస్తే ఎకరానికి ఇది తక్కువ నీటితోనే సరిపెట్టుకుంటుంది. కాని వరి రైతు నీరు లేని వేసవిలో పొలం ఖాళీగా ఉంచగలడు, ఈ తోటకు ఆ వీలు లేదు. పాదులోకి పారగట్టే పద్ధతి మానేసి డ్రిప్పు గాని, చెట్టు చుట్టూ సన్నగా నీరు చిమ్మే మైక్రో జెట్‌లు గాని పెట్టించండి. పొలంలో పల్లం వైపున వాన నీరు ఇంకేందుకు ఒక కుంట తవ్వించండి. అర ఎకరం పోయినా నేను ఈ సలహా వెనక్కి తీసుకోను.

అంతర పంటలకు మొదటి మూడేళ్లు ఖాళీ స్థలం బాగానే ఉంటుంది. వేరుశనగ, పెసర, మినుము, కూరగాయలు, బంతి వేసుకోవచ్చు. పాదు నుంచి మూడు మీటర్ల లోపల దున్నవద్దు, పీచు వేర్లు తెగుతాయి. పంటకు అడ్డొస్తున్నాయని మట్టలను పైకి కట్టేయడం, నరికేయడం చేయవద్దు. తోట ఎనిమిదేళ్లు దాటి నీడ పట్టాక మా జిల్లాలో చాలామంది కోకో వేస్తారు, అది బాగా వస్తోంది. మీ ప్రాంతంలో గాలిలో తేమ తక్కువ, వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి ఆరు ఎకరాలకూ ఒకేసారి కోకో పెట్టవద్దు, ఒక అర ఎకరంలో వేసి రెండు వేసవులు చూశాక నిర్ణయించుకోండి.

మీరు ఈ ఏడాదే నాటాలనుకుంటే, వచ్చే వారంలో రెండు పనులు చేయండి. రెండు బోర్లనూ విడివిడిగా నాలుగు గంటలు నడిపి డ్రమ్ము కొలత తీసుకోండి, మట్టి నమూనాను పరీక్షకు పంపండి. బోరు లోతు, డ్రమ్ము నిండిన సమయం, మట్టి పరీక్ష ఫలితం, దగ్గరలోని సేకరణ కేంద్రం దూరం ఇక్కడే రాస్తే, ఎన్ని ఎకరాలు వేయవచ్చో, ఎరువు ఎలా సర్దుకోవాలో లెక్కగట్టి చెబుతాను.